బండి గుర్రం కొన్నాం: ఒహాయో సైర్ స్టేక్స్‌లో మా మొదటి ఏడాది (నా అనుభవం)

2022 సెప్టెంబర్‌లో మేం నలుగురం కలిసి ఒక గుర్రప్పిల్లని కొన్నాం, ఒహాయో సైర్ స్టేక్స్‌లో, అంటే అమెరికాలో మేం ఉండే ఒహాయో రాష్ట్రంలో ఉంచిన మగగుర్రాల పిల్లలకే పెట్టే రేసుల్లో, పరిగెత్తించడానికి. పదిహేడు నెలల ఆడపిల్ల, ముదురు గోధుమ రంగు, వెనక ఎడమ కాలికి గిట్ట పైన తెల్ల పట్టీ. ఖరీదు 13,000 డాలర్లు, నా వాటా నాలుగోవంతు. అప్పట్నుంచి గుళ్ళో కనిపించినవాళ్ళు, పిల్లల బర్త్‌డేల్లో కలిసినవాళ్ళు అందరూ అవే అడుగుతున్నారు, నీకు రేసు గుర్రం ఎందుకు, డబ్బులొస్తాయా, గవర్నమెంట్ ఏదో ఇస్తుందంట కదా అని. ఒక్కొక్కళ్ళకీ ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే మొత్తం ఒకచోట రాస్తే మేలనిపించింది. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక సంగతి. ఇది మలక్‌పేటలో పరిగెత్తే రకం గుర్రం కాదు. అక్కడ జాకీ గుర్రం మీద కూర్చుంటాడు, గుర్రం దౌడు తీస్తుంది. ఇక్కడ గుర్రం వెనక రెండు చక్రాల తేలికపాటి బండి ఉంటుంది, సల్కీ అంటారు, డ్రైవర్ కాళ్ళు ముందుకి చాపుకుని దాని మీద కూర్చుని పగ్గాలు పట్టుకుంటాడు. గుర్రం దౌడు తీయకూడదు, అదే అసలు రూలు. ట్రాటర్ అయితే ముందు కుడికాలూ వెనక ఎడమకాలూ కలిపి వేయాలి, తర్వాత ఆ రెండోజత. పేసర్ అయితే ఒక పక్క రెండు కాళ్ళూ ఒకేసారి. అడుగు తప్పి దౌడులోకి పోయిందంటే బ్రేక్ అయింది అంటారు, డ్రైవర్ వెంటనే పగ్గాలు బిగించి పక్కకి తీసి మళ్ళీ అడుగు కలిపించుకోవాలి, ఈలోపు మిగతావన్నీ వెళ్ళిపోతాయి. దూరం మైలు. జాతి పేరు స్టాండర్డ్‌బ్రెడ్. 1879లో ట్రాటర్ మైలుని 2 నిమిషాల 30 సెకన్లలో చేయాలని ఒక స్టాండర్డ్ పెట్టారు, ఆ పేరు అలా వచ్చింది. ఇప్పుడు గట్టి గుర్రాలు 1:50 దగ్గర చేస్తున్నాయి.

బండి లాగే గుర్రం అంటే నాకు ముందు గుర్తొచ్చేది మా తాత. తెనాలి స్టేషన్ బయట జట్కా తోలేవాడు. నేను పుట్టేసరికి గుర్రమూ లేదు బండీ లేదు, ఒక్క చక్రం మాత్రం పెరట్లో నిమ్మచెట్టుకి ఆనించి ఉండేది, దాని మీద మా నానమ్మ వడియాల గుడ్డ ఆరేసేది. నాన్న మాత్రం ఆ గుర్రంతోటే పెరిగాడు, తెల్లారకముందే లేచి ఉలవలు ఉడకేసేది, గడ్డి కోసుకొచ్చేది, సాయంత్రం మాలిష్ చేసేది తనే. ఇక్కడ గుర్రం కొంటున్నామని ఫోన్‌లో చెప్తే ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత "కాళ్ళు చూశావా? కాళ్ళు చూడకుండా డబ్బులియ్యబాక" అన్నాడు.

మేం ఉండేది కొలంబస్‌కి ఉత్తరాన డెలావేర్ కౌంటీలో. లిటిల్ బ్రౌన్ జగ్ అని మూడేళ్ళ పేసర్లకి ఈ దేశంలో చాలా పెద్ద రేసు, 1946 నుంచి మా కౌంటీ ఫెయిర్‌లోనే (మన జిల్లా జాతర లాంటిది) జరుగుతోంది, లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) తర్వాత మూడో గురువారం. మా ఇంటికి ఇరవై నిమిషాలు. తొమ్మిదేళ్ళు ఇక్కడ ఉండి ఒక్కసారి కూడా పోలేదు, ఆ రోజు రోడ్లు జామ్ అవుతాయని ఇంట్లోంచే పని చేసుకునేవాణ్ణి. 2021లో మా ఆఫీసులో పనిచేసే ఒకాయన బలవంతం మీద వెళ్ళా. ట్రాక్ చుట్టూ కంచెకి జనం తమ మడత కుర్చీలు కొన్ని వారాల ముందే గొలుసులేసి కట్టేసి పోతారు, ఎవరి కుర్చీ ఎవరూ ముట్టుకోరు. అరమైలు ట్రాక్ కాబట్టి గుర్రాలు రెండుసార్లు మన ముందు నుంచే పోతాయి, ఆ గిట్టల చప్పుడు, చక్రాల నుంచి లేచే మట్టి, డ్రైవర్లు గుర్రాన్ని అదిలించే కేకలు. మొదటి చుట్టు అయ్యేసరికి నాకు గొంతు పట్టేసింది. ఆ ఆఫీసాయన మేనమామ గుర్రాల ట్రైనర్, డెబ్భై దాటినవాడు, ఆ సాయంత్రమే పరిచయం చేశాడు. ఏడాది పాటు శనివారాలు ఆయన బార్న్‌కి పోయి ఊరికే నిలబడి చూసేవాణ్ణి, లద్దె ఎత్తేవాణ్ణి. తర్వాతే కొన్నాం.

కొనేటప్పుడు ఆయన్ని నేను అడిగిన మొదటి ప్రశ్న, మంచి పిల్లని ఎలా గుర్తుపట్టాలి అని. ఆయన దానికి జవాబు చెప్పకుండా, "ముందు దాని తండ్రి ఏ రాష్ట్రంలో నిలబడ్డాడో చూడు, మిగతావి తర్వాత" అన్నాడు. నిలబడ్డం అంటే ఆడగుర్రాలకి కట్టించడానికి ఆ మగగుర్రాన్ని అక్కడ ఉంచడం. ఇక్కడే ప్రోగ్రామ్ మొత్తం ఉంది.

ఒహాయోలో రాష్ట్రం ఒక ఫండ్ పెట్టింది, ఒహాయో స్టాండర్డ్‌బ్రెడ్ డెవలప్‌మెంట్ ఫండ్ అని. రాష్ట్ర రేసింగ్ కమిషన్ దగ్గర రిజిస్టర్ చేయించి, ఆడగుర్రాలకి కట్టించే సీజన్‌లో ఒహాయోలోనే ఉంచిన మగగుర్రానికి పుట్టిన పిల్లలకే ఆ ఫండ్ రేసుల్లో పరిగెత్తే హక్కు. ఆ రేసుల్నే ఒహాయో సైర్ స్టేక్స్ అంటారు. రెండేళ్ళవి, మూడేళ్ళవి మాత్రమే, అందులో మగవి ఆడవి వేరు, ట్రాటర్లు పేసర్లు వేరు, మొత్తం ఎనిమిది విభాగాలు. మన దగ్గర సంక్రాంతికి ఎడ్ల బండ లాగుడు పోటీల్లో రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు పెడతారు చూడండి, లేత గిత్తల్ని ముదురు ఎడ్ల పక్కన కట్టరు, అదే న్యాయం ఇక్కడా. కాకపోతే పళ్ళు చూడరు, జనవరి 1 వస్తే ప్రతి స్టాండర్డ్‌బ్రెడ్‌కీ ఒక ఏడు పెరిగినట్టే లెక్క, ఫిబ్రవరిలో పుట్టినా మే నెలలో పుట్టినా.

రాష్ట్రానికి ఇందులో ఏం లాభం అంటే, పేరున్న మగగుర్రం ఒహాయోలో ఉంటే ఆడగుర్రాల వాళ్ళు ఇక్కడికి వస్తారు, పిల్లలు ఇక్కడ పుడతాయి, పదకొండు నెలలు మోసే తల్లికి మేత కావాలి, ఎండుగడ్డి పండించే రైతు కావాలి, డాక్టర్ కావాలి, లాడాలు కొట్టేవాడు కావాలి, పెద్ద పెద్ద పొలాలు ప్లాట్లు అయిపోకుండా పచ్చిక బయళ్ళుగా మిగులుతాయి. ఈ పద్ధతికి అమెరికాలో దారి వేసింది న్యూయార్క్, 1961లో. తర్వాత పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, ఇండియానా లాంటివి, పక్కన కెనడాలో ఆంటారియో, అందరూ తమతమ పద్ధతిలో పెట్టుకున్నారు. స్టాండర్డ్‌బ్రెడ్‌లో కృత్రిమ గర్భధారణకి అనుమతి ఉంది కాబట్టి వీర్యం ప్యాక్ చేసి వేరే రాష్ట్రానికి పంపినా చెల్లుతుంది, అందుకని కొన్నిచోట్ల తల్లి గుర్రం కూడా ఇన్ని రోజులు మా రాష్ట్రంలో ఉండాల్సిందే అని షరతు పెట్టారు, న్యూయార్క్ లాంటి చోట పెంచినవాళ్ళకి విడిగా అవార్డు డబ్బు కూడా ఉంది. ఒక్కటి మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి, గవర్నమెంట్ నాకు గుర్రం కొనమని ఒక్క డాలర్ ఇవ్వలేదు. ఇది సబ్సిడీ కాదు. గుర్రం పరిగెత్తి మొదటి అయిదింట్లో వస్తేనే డబ్బు, రేసు బహుమతిని 50, 25, 12, 8, 5 శాతాలుగా పంచుతారు, ఆరోది వస్తే ఉత్త చేతులు.

ఆ డబ్బు ఎక్కడిది అని మా ఆవిడ అడిగింది, మంచి ప్రశ్న. కొంత రేసు పందాల్లోంచి, కొంత మాలాంటి ఓనర్లు కట్టే ఫీజుల్లోంచి, అసలు బలం మాత్రం స్లాట్ మెషీన్ల లాంటి వీడియో లాటరీ మెషీన్ల నుంచి వచ్చింది. 2012 జూన్‌లో మా కొలంబస్ దక్షిణాన ఉన్న సయోటో డౌన్స్‌లో రాష్ట్రంలోనే మొదట అవి పెట్టారు, వాటి ఆదాయంలో ఒక వాటా రేసు బహుమతులకి పోవాలి. అంతకుముందు ఇక్కడి గుర్రాలు ఇండియానాకీ పెన్సిల్వేనియాకీ తరలిపోయాయని, మా ట్రైనర్ తన బార్న్‌లో సగం గదులు ఖాళీగా చూశానని చెప్తాడు. మా ఆవిడకి ఇది నచ్చలేదు, జూదమాడి ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్ళ డబ్బు మనకెందుకు అంది. నాకూ ఆ ముల్లు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది, దాన్ని దాచను. నేను పందెం కట్టను, కట్టలేదు కూడా. కానీ బార్న్‌లో తెల్లారి నాలుగున్నరకి వచ్చి మేత వేసే కుర్రాడి జీతం ఆ వాటా లేకపోతే లేదు అన్నది కూడా నిజమే, ఆ రెండు నిజాల్నీ పక్కపక్కనే పెట్టుకుని ఒప్పుకున్నా.

ఇక సేల్, అంటే గుర్రప్పిల్లల వేలం సంగతి. కేటలాగ్ చదవడం రావడానికే నాకు ఆరు నెలలు పట్టింది. పేజీకి ఒక పిల్ల, పైన తండ్రి వైపు, కింద తల్లి, అమ్మమ్మ, ముత్తమ్మమ్మ, వాళ్ళకి పుట్టినవి ఎంత టైమ్‌లో పరిగెత్తాయో ఎంత సంపాదించాయో. మన పెళ్ళి సంబంధాల బయోడేటా కంటే వివరంగా ఉంటుంది. టైమ్‌లో చుక్క తర్వాత అంకె పదోవంతు కాదు, అయిదోవంతు, అంటే 1:55.3 అంటే 1 నిమిషం 55 సెకన్లు ఆపైన సెకనులో అయిదింట మూడు వంతులు. ఇది తెలియక నేను మొదట్లో అన్నీ తప్పు లెక్కలేశా. మా పిల్ల తల్లి రేసుల్లో పెద్దగా ఏం చేయలేదు, కానీ దాని ముందు పిల్లలు రెండూ ఫెయిర్లలో గెలిచాయి, తండ్రి ఒహాయో రిజిస్టర్. నాన్న చెప్పినట్టు కాళ్ళు చూశా, చూశానని అనుకున్నా, అసలు చూసింది ట్రైనరే, ముందు నుంచి నడిపించాడు, వెనక నుంచి నడిపించాడు, మోకాళ్ళ కింద చేత్తో నిమిరి "ఇది నిలుస్తుంది" అన్నాడు. వేలం పాట ఒక నిమిషమో రెండు నిమిషాలో అంతే.

కొన్న తర్వాత కాగితాలు. యునైటెడ్ స్టేట్స్ ట్రాటింగ్ అసోసియేషన్ అని జాతీయ రిజిస్ట్రీ, 1939లో పెట్టింది, దాని హెడ్డాఫీసు మాకు పక్కనే వెస్టర్‌విల్‌లో ఉంది. నలుగురం మెంబర్లుగా చేరాం, గుర్రం మా పేరు మీదకి మార్పించాం, రాష్ట్ర రేసింగ్ కమిషన్ లైసెన్స్‌కి వేలిముద్రలిచ్చాం. పేరు పెట్టడానికి స్పేస్‌లతో కలిపి 18 అక్షరాలే, మేం ముచ్చటపడ్డ తెలుగు పేరు ఇంగ్లీషులో రాస్తే 21 అయింది, పిల్లలు ఏడ్చారు, చివరికి చిన్న పేరేదో ఇచ్చాం కానీ ఇంట్లో అందరికీ అది చిట్టి. మెడలో మైక్రోచిప్ ఉంటుంది, పాత గుర్రాలకైతే మెడకి కుడిపక్క జూలు కింద ఫ్రీజ్ బ్రాండ్ అని బాగా చల్లబరిచిన లోహపు అచ్చుతో వేసిన తెల్లటి గుర్తులుంటాయి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇప్పుడు చెప్తా. తండ్రి సరైనవాడైతే హక్కు పుడుతుంది కానీ ఆ హక్కు దానంతటది బతికి ఉండదు. వాయిదాలు కట్టి నిలబెట్టుకోవాలి. శీతాకాలం చివర్లో నెలకొకటి చొప్పున వస్తాయి, మొత్తం చూస్తే పెద్దవి కాదు, ట్రైనింగ్ బిల్లు ముందు అసలు లెక్కలోకే రావు, కానీ ఒక్కటి తప్పితే ఆ గుర్రం ఆ స్టేక్స్ నుంచి అవుట్, సారీ చెప్పినా లేటు ఫీజు కడతానన్నా కుదరదు. మా నలుగురిలో లెక్కలు నావి. ఫిబ్రవరిది కట్టా. మార్చి నెల మాకు ఆఫీసులో రిలీజ్, దాంతో ఈసారి నువ్వు కట్టు బావా అని మా కజిన్‌కి చెప్పా, అతను నేను ఊరికే అన్నాననుకున్నాడు. గడువు రోజు సాయంత్రం నాలుగుంపావుకి ట్రైనర్ భార్య ఫోన్ చేసింది, ఆవిడ వంటింట్లో గోడ కేలండర్ మీద ప్రతి గుర్రానికీ ఒక రంగు పెన్ను, "మీ గీత ఇంకా కొట్టలేదు, కట్టారు కదా?" అంది. నా ఒళ్ళు చల్లబడిపోయింది. కవరు మీద ఆ రోజు పోస్టాఫీసు ముద్ర పడితే చాలు. చెక్కు రాసి, ఫారం ప్రింట్ తీసి, కారులో పోతూ బావకి ఫోన్ చేసి ఇద్దరం ఏం మాట్లాడుకోలేక ఊరుకున్నాం. పోస్టాఫీసు అయిదింటికి మూసేస్తారు, కౌంటర్ దగ్గర నిలబడేసరికి పన్నెండు నిమిషాలుంది, దయచేసి ముద్ర నా ముందే వేయండి అన్నా, ఆవిడ వేసి చూపించింది. తప్పు పూర్తిగా నాది. ఆ రోజు నుంచి మా నలుగురి ఫోన్లలో రెండు వారాల ముందు, వారం ముందు, రెండు రోజుల ముందు అలారం మోగుతుంది, కట్టాక రసీదు ఫోటో గ్రూపులో పడేదాకా ఎవరం దాన్ని ఆపం. ఎవరైనా గుర్రం కొనే ఆలోచనలో ఉంటే ముందు కేలండర్ కొనండి, కళ్ళెం తర్వాత కొనొచ్చు.

ట్రైనింగ్ గురించి రాయాలంటే విడిగా ఇంకోటి రాయాలి, క్లుప్తంగా చెప్తా. అక్టోబర్‌లో మొదటిసారి కళ్ళెం, పట్టెడ వేసి పక్కన నడిపించారు, వారానికల్లా బండి కట్టారు. చిట్టి మొదటి రోజు వెనక చక్రాల చప్పుడు విని చెవులు వెనక్కి వాల్చి నిలబడిపోయింది, ట్రైనర్ కదిలించలేదు, తిట్టలేదు, పాట పాడినట్టు దానితో మాట్లాడుతూ పావుగంట అలాగే కూర్చున్నాడు, అప్పుడు దానంతటదే అడుగేసింది. మామూలు రోజుల్లో ట్రాక్ మీద రేసుకి ఎదురు దిశలో మూడు నాలుగు మైళ్ళు నింపాదిగా తిప్పుతారు, వేగంగా పరిగెత్తించే రోజున మాత్రమే సరైన దిశలో, గుర్రానికి ఆ తిప్పడంలోనే తెలిసిపోతుంది ఇవాళ పని ఉందని. జనవరిలో మైలు మూడు నిమిషాలు, వారం వారం కొంచెం కొంచెం దించుకుంటూ 2:40, 2:30, ఏప్రిల్‌కి 2:15. ఒహాయో జనవరిలో ఆ మట్టి గడ్డకట్టి రాయిలా ఉంటుంది, తెల్లారి మైనస్ పన్నెండు డిగ్రీల్లో ఆ ముసలాయన కనుబొమ్మల మీద మంచు పేరుకునేది. నాన్న వీడియో కాల్‌లో చూసి అడిగేవాడు, "ఏం పెడుతున్నారు దానికి?" ఓట్స్, ఎండుగడ్డి నాన్నా అంటే, "ఉలవలు లేవా? ఉలవలు లేకుండా సత్తువ ఎక్కణ్ణుంచొస్తదిరా" అని మనసు పాడుచేసుకునేవాడు. ఇండియన్ స్టోర్లో ఉలవలు దొరుకుతాయి, ఒక ప్యాకెట్ పట్టుకుపోయి అడిగా కూడా, రేసు గుర్రం రక్తం పరీక్షలు చేస్తారు, తెలియని మేత ఏదీ వద్దు అన్నాడు ట్రైనర్. నాన్నకి మాత్రం పెట్టామనే చెప్పా, ఆ అబద్ధం ఇంకా నా దగ్గరే ఉంది.

జూన్‌లో క్వాలిఫయింగ్. అంటే డబ్బూ లేదు, పందేలూ లేవు, ఇచ్చిన టైమ్ లోపల అడుగు తప్పకుండా మైలు చేస్తే రేసుకి అర్హత. మొదటిసారి మలుపులో బ్రేక్ అయింది, ఫెయిల్. వారం తర్వాత 2:01.4లో పాస్. రేసు మొదలుపెట్టడానికి గుర్రాల ముందు ఒక కారు పోతుంది, దానికి రెండు రెక్కల్లా గేటు ఉంటుంది, గుర్రాలు దాని వెనక పరిగెడుతూ వస్తాయి, గీత దగ్గరికి రాగానే కారు రెక్కలు మడుచుకుని ముందుకి దూసుకుపోతుంది, ఆ కారుకి చిట్టి భయపడుతుందని మాకప్పుడే తెలిసింది. చెవుల్లో దూది లాంటి ప్లగ్‌లు పెట్టి చూస్తే కొంత నయమైంది.

సైర్ స్టేక్స్‌లో ప్రతి విభాగానికీ సీజన్‌లో నాలుగు రౌండ్లు, లెగ్ అంటారు, రాష్ట్రంలో ఉన్న హార్నెస్ ట్రాకులు సయోటో, నార్త్‌ఫీల్డ్, మయామీ వ్యాలీ, డేటన్ మధ్య తిరుగుతాయి. వచ్చిన స్థానాన్ని బట్టి పాయింట్లు, పాయింట్లలో పైనున్నవాటికే సెప్టెంబర్‌లో ఫైనల్. మా మొదటి లెగ్‌కి పదకొండు మంది తెలుగువాళ్ళం పోయాం, పిల్లలు అట్ట మీద చిట్టి అని రాసుకొచ్చారు. బయటి గేటు పడింది, అంటే ఎనిమిదో స్థానం, లోపలివాటికంటే మలుపులో ఎక్కువ దూరం తిరగాలి. గీత దాటి వంద గజాలు పోయిందో లేదో బ్రేక్. డ్రైవర్ సరిచేసేసరికి ముప్ఫై గజాల వెనక. అయినా చివరి పావుమైలులో రెండింటిని దాటింది. ఏడో స్థానం, సున్నా. ఇంటికొచ్చేదాకా కార్లో ఎవరూ మాట్లాడలేదు. రెండో లెగ్‌లో బెత్తెడు దూరంతో అయిదోది వచ్చింది. అయిదోదే, కానీ నేను ఆ ఫెన్స్ పట్టుకుని ఏడ్చా, ఎందుకంటే మైలంతా ఒక్క అడుగు తప్పలేదు. బ్యాంకులో పడిన మొదటి డబ్బు అది, అందులోంచి ట్రైనర్‌కి 5 శాతం, డ్రైవర్‌కి 5 శాతం.

మూడో లెగ్‌కి నాలుగు రోజుల ముందు ఉదయం కుంటింది. ముందు కుడి గిట్టలో చీము పట్టింది. లాడాలు కొట్టేవాడు వచ్చి లాడం ఊడదీసి కత్తితో కొంచెం గీస్తే నల్లటి చీము కారింది, చిట్టి ఊపిరి వదిలిన చప్పుడు అందరికీ వినిపించింది. ఉప్పునీళ్ళ కాపడం, కట్టు, పది రోజులు విశ్రాంతి. రేసు పోయింది, పాయింట్లు పోయాయి, ఫైనల్ మీద ఆశ కూడా అక్కడితో అయిపోయింది. అప్పుడు నాకు బాగా అర్థమైంది ఏంటంటే ప్రోగ్రామ్ అంటే ఫైనల్ ఒక్కటే కాదు. దాని కింద ఇంకో అంతస్తు ఉంది, కౌంటీ ఫెయిర్లు. ఒహాయోలో 88 కౌంటీలు, చాలా ఫెయిర్లలో ఇప్పటికీ రెండేళ్ళ, మూడేళ్ళ గుర్రాలకి స్టేక్స్ రేసులున్నాయి.

ఆగస్ట్‌లో ఇండియానా సరిహద్దు వైపు ఒక ఫెయిర్‌కి తీసుకెళ్ళాం. పందుల షెడ్డు పక్కన మా స్టాల్. చుట్టూ మొక్కజొన్న చేలు. మా పక్క స్టాల్‌లో ఒక తాత, మనవరాలు, వాళ్ళకి ఉన్నది ఒకటే గుర్రం, దాని తల్లిని కూడా వాళ్ళే పెంచారంట, మనవరాలు స్కూల్ బస్సు దిగి రోజూ తనే తోముతుందంట. మా చిట్టి అరమైలు మలుపుల్లో బాగా తిరిగింది, కారుకి బెదరలేదు, చివరి మలుపులో బయటికొచ్చి రెండోది వచ్చింది. గెలిచింది ఎవరనుకున్నారు, ఆ మనవరాలి గుర్రం. ఆ పిల్ల వచ్చి చిట్టి మెడ నిమిరి మీది కూడా చాలా బాగా పరిగెత్తింది అంది. నా మటుకు నాకు ఈ ఫండ్‌లో ప్రతి డాలర్ విలువా ఆ ఫెయిర్‌లోనే కనిపించింది. సైర్ స్టేక్స్ ఫైనల్లో పెద్ద బార్న్‌లవాళ్ళు, ఖరీదైన పిల్లలు ఉంటాయి, ఉండాలి కూడా, లేకపోతే మంచి మగగుర్రాలు రాష్ట్రంలో ఉండవు. కానీ పై అంతస్తుకి ఇంకా ఇంకా పోసి ఫెయిర్లని ఎండబెడితే ఆ తాత లాంటివాళ్ళు మానేస్తారు, వాళ్ళు మానేస్తే రేపు పిల్లల్ని కొనేది ఎవరు? నన్ను అడిగితే ఫెయిర్ బహుమతులు పెంచాలి. ఇంకోటి, రేసులు అయిపోయిన గుర్రాల సంరక్షణకి కూడా ఇదే ఫండ్‌లోంచి ఖాయంగా ఒక భాగం తీయాలి, పుట్టించడానికి డబ్బిచ్చే రాష్ట్రానికి అది పెద్దయ్యాక ఏమవుతుందో చూసే బాధ్యత కూడా ఉందని నా గట్టి నమ్మకం.

లెక్కలు అడిగేవాళ్ళ కోసం. 2023 చివరికి కొన్న ధర, ట్రైనింగ్, డాక్టర్, లాడాలు, వాయిదాలు, రవాణా మొత్తం 43,000 డాలర్ల చిల్లర ఖర్చు, వచ్చింది 6,100. నా వాటా నష్టం సుమారు 9,000. పెట్టుబడి అనుకుని ఎవరూ రావద్దు. పోతే పోయిందనుకోగలిగిన డబ్బే పెట్టండి, అది కూడా భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్నాకే.

ఆ అక్టోబర్‌లో నాన్న వచ్చాడు. వచ్చిన మర్నాడే బార్న్‌కి తీసుకెళ్ళా. చిట్టి ముందు నిలబడి చెయ్యి చాపలేదు, తల పక్కకి తిప్పుకుని దానంతటది వచ్చేదాకా ఆగాడు, అది వచ్చి చొక్కా జేబు వాసన చూసింది. ట్రైనర్‌కి తెలుగు రాదు, నాన్నకి ఇంగ్లీషు రాదు, ఇద్దరూ గంటసేపు దాని కాళ్ళ దగ్గర వంగి ఏవేవో చూపించుకున్నారు.

తర్వాతి వారం హోమ్స్ కౌంటీ వెళ్ళాం, అక్కడ ఆమిష్ వాళ్ళు ఎక్కువ, కార్లు వాడరు, నల్లటి గుర్రపు బగ్గీలే. ఊళ్ళో ఒక దుకాణం బయట కట్టుకొయ్యకి బగ్గీ గుర్రం ఒకటి కట్టేసుంది. నాన్న ఆగిపోయాడు. అచ్చం జట్కానే రా అన్నాడు. నేను దాని జూలు పక్కకి తీసి చూశా, కుడిపక్క ఫ్రీజ్ బ్రాండ్ గుర్తులు తెల్లగా కనిపించాయి, రేసుల నుంచి వచ్చిన గుర్రమే. దాని యజమాని, గడ్డమున్న కుర్రాడు, సామాన్లతో బయటికొచ్చి చెప్పాడు, తొమ్మిదేళ్ళదంట, నార్త్‌ఫీల్డ్‌లో అయిదేళ్ళు పరిగెత్తిందంట, వీళ్ళ ఇంటికొచ్చి ఏడాదిన్నర, రోడ్డు మీద లారీ పోయినా బెదరదంట. నాన్న చూపులతోనే అనుమతి అడిగి దాని ముందుకాలు ఎత్తి లాడం చూశాడు, వేలితో అంచు తడిమాడు, నెమ్మదిగా దించి, "బాగా కొట్టారు" అన్నాడు. కారెక్కాక చాలాసేపటికి, "చిట్టి పరిగెత్తలేని రోజొస్తే ఎవరికిస్తావు?" అని అడిగాడు. ఆడగుర్రం కదా నాన్నా, ఈడొచ్చాక ఇక్కడి మగగుర్రంతోటే కట్టిస్తే పిల్లకి మళ్ళీ ఇదే హక్కు వస్తుంది అన్నా. "పిల్ల సంగతి కాదురా, దాని సంగతి అడుగుతున్నా" అన్నాడు. ఎవరికీ ఇయ్యం, అమ్మాల్సొస్తే నేను స్వయంగా వెళ్ళి ఇల్లూ పాకా చూసిన మనిషికే ఇస్తా, నీకు ఫోన్ చేసి చెప్పాకే అన్నా. సరే అని తలూపి కిటికీ వైపు తిరిగాడు.

మూడేళ్ళ సీజన్‌కి వాయిదాలన్నీ కట్టేశాం. చిట్టి ఇప్పుడు 2:20కి దిగింది.